రాధ పోయే దేశం

హిందూపురం, ఆదివారం రాత్రి

మా రాధకు ఉద్యోగం వచ్చింది! యుద్ధం ఆపే చర్చల్లో ఒకరి మాట ఇంకొకరికి తర్జుమా చేస్తుందట, నా బంగారు తల్లి! అదీ ఆ యుద్ధం జరిగే దేశంలోనే.

చర్చలంటే ఎట్లుంటాయమ్మా అని అడిగితే, తాను పీహెచ్‌డీ చేసిన వియత్నాం యుద్ధం సంగతే చెప్పింది.

"దక్షిణ వియత్నామోళ్లు సంతకానికి ఒప్పుకోల్యా నాయనా. మళ్లీ యుద్ధమొస్తే మేముండామని మాటిచ్చి పెట్టించినారు అమెరికావాళ్లు."

"వచ్చినారా మరి?"

"యాడొచ్చినారు? రెండేండ్లకే వాళ్ల రాజధాని సైగాన్ పడిపోయ."

"నీకేమీ కాదని ఎవరు మాటిచ్చినారమ్మా?"

"మా ఆఫీసోళ్లు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పొద్దున్నే అందరికీ చెప్పాలి. పెనుకొండ అన్నకు, ధర్మవరం చెల్లెలికి, పుట్టపర్తి బావకు. రాధ వాళ్లమ్మకు ఉద్యోగమని చెప్పేశాను. యుద్ధమని ఇంకా...