నువ్వు నేర్పిన బ్యాకప్

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు పెట్టిన విస్తరి తీసేశాక నీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. మొన్న విండోస్ పక్కనే నీ రెండో సిస్టమ్ లినక్స్‌ను మళ్లీ ఎక్కిస్తుంటే సగంలో కరెంటు పోయి, రెండూ తెరుచుకోకుండా అయ్యాయి.

"ఇగ ముట్టకు బిడ్డా, వాని ఫోటోలు గూడ పోతయి" అంటూ అమ్మ నా వెనకే నిలబడింది.

పోవని నాకు తెలుసు. ముందే అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టాను. బ్యాకప్ తీయకుండా కీబోర్డు మీద చెయ్యి వేస్తే నెత్తిన మొట్టికాయ వేసేవాడివి కదా. అంత జాగ్రత్త తెలిసినవాడివి, ఆ రోజు బండి తీస్తూ నాతో ఏమన్నావు?

"ఘన్‌పూర్ దాకనే గద, హెల్మెట్ ఎందుకే."

ఈసారి కరెంటు నిలబడింది. లినక్స్ ఎక్కింది, విండోస్ కూడా తెరుచుకుంది. ఫోటోలు తిరిగి ఎక్కించి అమ్మకు చూపించాను.

"అన్ని ఉన్నయా?"

"ఉన్నయమ్మా. ఒక్కటి గూడ పోలే."

నీ హెల్మెట్ కూడా ఉందన్నా, తలుపు వెనక మేకుకు. దాని మీద ఒక్క గీత పడలేదు.