తొలిపాలు దూడకే

ఆళ్లగడ్డ,
శనివారం ఉదయం.

అత్తమ్మకు, మీ పెద్ద కోడలు ఉమామహేశ్వరి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మనుషులం, పశువులం అందరం బాగున్నాం. పశువులను కూడా కలిపి రాయగలిగినందుకే ఇంత ఉత్సాహం. మన పెయ్యదూడ బతికింది! ఫోనులో మీకు సగం మాటలే వినబడుతున్నాయి కాబట్టి అంతా వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీరు అడిగినవాటికి జవాబులు. దిష్టితాడు కట్టాను. దానిమ్మ తొక్క కషాయం పట్టలేదు. పాలు మానిపించలేదు. ఈ చివరిది చదివి నంద్యాలలో వదినతో మీరు ఏమంటారో నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి.

పుట్టిన తొమ్మిదో రోజు దూడకు పారుడు పట్టుకుంది. పోయిన రెండు ఈతల దూడలకూ ఇలాగే మొదలైంది. పచ్చగా నీళ్లలా పారడం, కళ్లు లోతుకు పోవడం, మూడో రోజుకు లేవలేకపోవడం. “ఇదీ పోతే బర్రెను అమ్మేయండి, మన ఇంటికి అచ్చిరాలేదు” అన్న మీ మాట గుర్తొచ్చి వెంటనే పశువుల ఆసుపత్రికి ఫోను చేశాను. పక్కింటి రామలక్ష్మమ్మ గోడమీదుగా తొంగిచూసి, “ఇంగ దీని పని అయిపోయినట్టే ఉమా, ఆశ ఇడ్చుకో” అంది.

పశువుల డాక్టరు దెబోరా వచ్చి పేడ పరీక్ష చేసింది. రోటా అనే వైరస్ అట.

“సూది వేయండి మేడం” అన్నారు మీ అబ్బాయి.

“ఏ సూదికీ ఇది చావదన్నా. ఒంట్లో నీళ్లన్నీ పోతాండాయి, అవి మళ్లీ పోయాల. పాలు ఆపితే రోగం కంటే ముందు ఆకలే సంపుతాది” అంది.

పాలు తాగించే వేళలకు మధ్య ఆమె ఇచ్చిన పొడి నీళ్లలో కలిపి పట్టాను. దూడను వేరుగా కట్టి, కింద సున్నం చల్లి, ముట్టుకున్నప్పుడల్లా సబ్బుతో చేతులు కడిగాను. ఎన్నిసార్లు పారిందో క్యాలెండరులో గీతలు పెట్టాను. మొదటిరోజు పద్నాలుగు, మూడోరోజు తొమ్మిది, ఆరోరోజు ఒక్కటి. ఏడోరోజు గడి ఖాళీ! మీ అబ్బాయికి చూపిస్తే, “ఏందే, పరీక్ష పాసైనట్టు ఎగురుతాండావ్?” అన్నారు. ఎగిరాను మరి.

ఇప్పుడు మీ దగ్గర దాచిన మాట. బర్రె ఈనకముందే డాక్టరమ్మ ఒకటి చెప్పింది. రోగాన్ని తట్టుకునే బలం దూడకు తల్లి తొలిపాలతోనే రావాలట, అదీ పుట్టిన కొద్ది గంటల్లోనే. మన ఇంట్లో ఆ పాలు ఎప్పుడూ జున్నుకే పోతాయి. నరసింహస్వామికి ఒక గిన్నె, బంధువులకు ఏడు గిన్నెలు, అరగదని దూడకు నాలుగు గుక్కలు. ఈసారి గంట తిరగకముందే దానికి కడుపునిండా తాగించాను. మూడురోజులూ జున్ను మాటే ఎత్తలేదు. మీకు జున్నని పంపింది నాలుగోరోజు పాలు, చైనాగ్రాస్ వేసి గట్టిపరిచాను. స్వామికి మాత్రం బెల్లం పెట్టి నిజం చెప్పుకున్నాను. మీది తప్పని అనడం లేదత్తమ్మా. ఆ రెండు దూడల నోటికాడి పాలు పిండింది ఈ చేతులే. ఆ పని ఇక చేయలేను.

నిన్న మీరు చెప్పి పంపిన దళారి వచ్చాడు. “బర్రెను అమ్ముతారంట, యాడ కట్టేసినారక్కా?” అన్నాడు. దొడ్డివైపు చూపించాను. దూడ పొదుగును తలతో కుమ్ముతోంది. బర్రె దాని వీపు నాకుతోంది.

“అమ్మేది లేదప్పా. వచ్చినోడివి టీ తాగి పో” అన్నాను.

తాగి పోయాడు.

ఇట్లు,
తిట్లకు సిద్ధపడిన మీ పెద్ద కోడలు,
ఉమామహేశ్వరి