తనంతట తాను తిరగని బండి

కలకత్తా, మంగళవారం

చి.ల.సౌ. నిరుపమకు ఆశీస్సులు. నాకు దెబ్బ తగిలిందని మీ అన్నయ్య చెప్పిన మాట నమ్మవద్దు. జరిగింది ఇది:

1. మా ట్రాము లైను మూసివేసినందున నన్ను బస్సు నేర్చుకోవడానికి పంపారు.
2. మొదటి మలుపులో నేను స్టీరింగు చక్రం తిప్పలేదు. ఇన్నేళ్ళూ ఆ పని పట్టాలే చేశాయి.
3. టీ కొట్టు ఎదురురాగా, ట్రాములో వలె గంట మోగించడానికి నేలను కాలితో తొక్కాను. పక్కనున్న శిక్షకులు పాలిత్‌బాబు బ్రేకు వేశారు.

“ఏం మాయితి దాదా, రోడ్డే వచ్చి బండిని తిప్పుతుందని కూర్చున్నావా?” అన్నారాయన.

“ట్రాము మనిషి కదండీ! గంట కొడితే నా కొట్టే పక్కకి జరుగుతుందనుకున్నాడు” అని టీ కొట్టు ముసలాయన ఒకటే నవ్వు.

గురువారం పరీక్ష. తప్పితే ఉద్యోగం ఉండదు. కాళీమాతకు మొక్కుకో.

మన పాప టుంపాకు దగ్గు తగ్గిందా? ఖర్జూర బెల్లం వచ్చి ఉంటే కొంచెం పంపు. అమ్మకు నా ప్రణామాలు.

నిన్న సాయంత్రం మూసిన లైను వెంట నడుస్తుండగా, మలుపు రాగానే నా ఖాళీ చేతులు నాకు తెలియకుండానే చక్రం తిప్పాయి. పరీక్ష నెగ్గుతానని అక్కడే తెలిసింది. సంతోషించవలసిన మాటే, కాని చాలాసేపు ఆ పట్టాల పక్కనే నిలబడిపోయాను.

ఉదయం నాలుగున్నర గంటలు.
శశాంకశేఖర్ మాయితి