సున్నా వేసిన వాక్యం

ఉత్తర ఎవియా,
9 అక్టోబరు 2023

ప్రియమైన ఆర్గిరోకు,

రెండేళ్లుగా నీతో మాట మానేసిన పోలిక్సేని నమస్కారాలు. హల్కిదలో నువ్వూ, మీ అమ్మాయి ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. ఉత్తరం చింపాలనుకుంటే చదివాకే చింపు.

ఆగస్టు చివర్లో ఏథెన్స్ నుంచి లూకియా అనే యూనివర్సిటీ పిల్ల వచ్చింది. రెండేళ్ల కిందటి మన కార్చిచ్చులో చిక్కి బయటపడ్డవాళ్లు ఆ తర్వాత మనసులో ఎంత ఎదిగారో కొలుస్తుందట. అడవంతా బూడిదైతే ఎదగడమేమిటే అని నవ్వాను. ఇరవై ఒక్క వాక్యాలు, ఒక్కోటి మనకెంత నిజమో సున్నా నుంచి ఐదు దాకా వేయాలి. పరాయి భాషలోంచి గ్రీకులోకి మార్చిన కాగితం మనవాళ్లను సరిగ్గా కొలుస్తుందో లేదో చూడాలట. కాగితాలు పంచింది మన ఫాదర్. దేవుడి మీద నమ్మకం పెరిగిందా అన్నచోట, ఆయన చూస్తుండగా ఊరంతా ఐదు వేసింది! ఈస్టరుకైనా చర్చి గడప తొక్కని మీ అన్న స్టెర్గియోస్ కూడా.

కష్టంలో మనుషులను నమ్ముకోవచ్చని తెలిసింది అన్న వాక్యానికి నేను సున్నా వేశాను. ఎందుకో నీకు తెలుసు. నా నలభై తేనెపెట్టెలు కాలిపోతుంటే, వాటి దగ్గరకు పోనివ్వకుండా మంటల నుంచి జనాన్ని దాటించడానికి రేవుకొచ్చిన పడవలోకి నువ్వు నన్ను ఈడ్చావని ఊరంతా చెప్పాను. ఆ మాట పడలేకే నువ్వు ఊరు వదిలావు.

మూడు వారాలకు లూకియా అదే కాగితం మళ్లీ తెచ్చింది. జవాబులు మారకపోతే కొలత గట్టిదని అర్థమట. ఆ మూడు వారాలూ ఆ వాక్యం నన్ను వదల్లేదు. కాఫీ కాచుకుంటున్నా అదే, పక్క ఎక్కినా అదే. ఈసారి ఐదు వేశాను. పిల్ల బెంబేలెత్తిపోయింది. ఆంటీ, ఈ మధ్యలో ఏమైనా జరిగిందా, లేకపోతే మా వాక్యంలోనే తప్పుందా అంది. ఏమీ జరగలేదమ్మా, నీ కొలత మంచిదే అన్నాను.

కాలిన వాలు మీద పొదలు గులాబిరంగులో పూశాయి. కొత్తగా తెచ్చిన మూడు పెట్టెల్లో తేనెటీగలు ఒకటే రొద. మొదటి తేనె నీకని తీసిపెట్టాను. పంపను, వచ్చి తిను.

నీ
పోలిక్సేని

తా.క.: ఆ రోజు నేను పెట్టెల వైపు పోనే లేదే. భయంతో వాకిట్లోనే నిలబడిపోయాను. అందరూ పడవ ఎక్కాక నా కోసం వెనక్కి వచ్చింది నువ్వొక్కదానివే. నా పిరికితనం ఒప్పుకోలేక నింద నీ మీద వేశాను. నిన్న కాఫీ కొట్టులో, మీ అన్న ఎదుటే, ఈ మాట అందరికీ చెప్పేశాను. ఇక నువ్వు తలెత్తుకుని ఊళ్లోకి రావచ్చు. తల దించుకోవాల్సింది నేను, నువ్వు నన్ను పడవెక్కించిన ఆ రేవులోనే నీ కోసం చూస్తుంటాను.