త్రీనాట్‌త్రీకి పాత చెక్క

తాతయ్యా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. కెనడాలో, ఈ బ్రాంప్టన్‌లో ఆరుగురు స్టూడెంట్లం ఒకే బేస్‌మెంట్‌లో ఉంటున్నాం. మా ఓనర్ ప్రసాద్ అంకుల్ దగ్గర, నువ్వు సైన్యంలో మోసిన త్రీనాట్‌త్రీ లాంటి తుపాకీ ఉంది. వేటకు తేలిగ్గా ఉండాలని దాని గొట్టాన్ని కప్పే ముందు చెక్కను ఎవరో ఎప్పుడో కోసేశారట. ఆ కాలంనాటి చెక్క కోసం ఆయన ఏళ్ల తరబడి వెతికారు. నిన్న దొరికింది.

సాయంత్రం ఇద్దరం కలిసి బిగించాం. నేను వార్నిష్ అందించబోయాను.

"వద్దమ్మా, అప్పట్లో అవిసె నూనే రాసేవాళ్లు" అన్నారు.

నూనె రాసి తుడిచాక, "ఖాళీదే, చెక్ చేశా. పట్టుకో" అంటూ చేతికిచ్చారు.

కాసేపటికే భుజం లాగేసింది. సరిహద్దులో చలి గురించి, మాడిన రొట్టెల గురించి ఎన్నో చెప్పావు. ఇది ఇంత బరువని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నీ మనవరాలు