నీ మట్టి మొహాలు ఏమయ్యాయో చెప్తాను, అవ్వా

అవ్వా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి ఏడు నెలలయింది. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే... కాగితం ముందు పెట్టుకుంటే తిట్లు తప్ప ఏమీ రావడం లేదు.

నీ బొమ్మలు లేవు. చిన్నాయన వాటిని చెరువులో కలిపేశాడు.

నీ కార్యం అయిన మర్నాడే. చచ్చినవాళ్లు చేసిన బొమ్మలు ఇంట్లో ఉండకూడదని ఎవరో జోస్యుడు చెప్పాడట. నేను అప్పటికే తిరువళ్లూరులో ఆఫీసుకు వచ్చేశాను. అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. మన పొదటూరుపేటలో బస్సు దిగి పరుగెత్తేసరికి గట్టు మీద ఖాళీ గోనెసంచులు పడి ఉన్నాయి. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. చేతులు పెట్టి దేవులాడాను. అంతా బురద... అందులో చెరువు మట్టి ఏదో, నీ మట్టి ఏదో ఎలా తెలుస్తుంది?

పచ్చి మట్టి, అవ్వా! ఎందుకు కాల్చలేదు నువ్వు? కోపం చిన్నాయన ఒక్కడి మీదే అనుకున్నావా? నీ మీద కూడా ఉంది. అడిగినప్పుడల్లా ఒకటే మాట. "కాల్చినాక మార్చేదానికి కాదమ్మే. మనుషులు ముసిలోళ్లు అయిపోతా ఉంటే బొమ్మలు వయసులోనే ఉంటే, అది అబద్ధం గాదా?"

మన మగ్గాల వీధిలో అందరి బొమ్మలూ చేశావు. పెళ్లయి వచ్చిన కొత్తలో తాత మగ్గం పక్కన కూర్చుని మొదలుపెట్టి, చెయ్యి వణికేదాకా ఆపలేదు. ఏటా నవరాత్రికి ముందు తడిగుడ్డ చుట్టి మెత్తబరిచి, ఒకరికి కొత్త ముడత, ఒకరికి ఊడిన పన్ను, ఇంకొకరికి వంగిన నడుము. పోయినవాళ్ల మొహం మాత్రం మళ్లీ ముట్టుకునేదానివి కాదు. ఆడికృత్తిక తిరునాళ్లకు తిరుత్తణి పోయినా మెట్ల పక్కన కూర్చుని కావడి మోసేవాళ్లనే చూసేదానివి. "సామి యాడికి పోతాడు? ఆడే ఉంటాడు. ఈ మొగాలు మళ్లా దొరకవు" అన్నావు. పనీపాటా లేనివాళ్ల పని అని చిన్నాయన నీ ఎదుటే ఎన్నిసార్లు అనలేదు?

ఇప్పుడు విను. మొన్న నవరాత్రికి అదే చిన్నాయన ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాడు. బజారులో కొన్న ప్లాస్టర్ బొమ్మలు. మధ్యలో నీ ఫోటో, దానికో మల్లెదండ. వీధి ఆడవాళ్లంతా ఎప్పటిలాగే వచ్చారు, ఈ ఏడు తమకెంత వయసు పైబడిందో చూసుకోవడానికి. బొమ్మలేవని అడిగితే చిన్నాయన చేతులు కట్టుకుని, "మ్యూజియమోళ్లు వచ్చి అడిగి తీసకపోయినారు" అన్నాడు.

అందరూ ఎంత సంతోషపడ్డారో! "మన మొగాలు మ్యూజియంలోనా!" అని పక్కింటి కన్నమ్మత్త చెంపలు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక నేనిక ఆగలేకపోయాను.

"అబద్ధం. చెరువులో పారేసినాడు. అన్నీ కరిగిపోయినాయి" అన్నాను.

నాన్న నా చెయ్యి పట్టి లాగాడు. చిన్నమ్మ పంచుతున్న సుండల్ గుగ్గిళ్ల గిన్నె కింద పెట్టేసింది.

కన్నమ్మత్త చెంపల మీంచి చేతులు తీసేసింది. "మా ఇంటాయన మొగం కూడానా?" అంది. "ఆధార్ కార్డులో ఉండేది ఎవురో దొంగ మాదిరి ఉండాది. ఆయన నవ్వే మొగం ఈడే గదా ఉన్నింది..."

"ఆ సంచీలో బావ కూడా ఉండాడని తలుచుకోలేదక్కా" అన్నాడు చిన్నాయన, తల వంచుకుని.

తలుచుకోలేదా? ఆ బొమ్మల మధ్యే పాకి, నడక నేర్చినవాడు తలుచుకోలేదా?

సుండల్ ఎవరూ తీసుకోలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

పదిమందిలో పరువు తీశానట. చిన్నాయనను క్షమాపణ అడగమని నాన్న పోరుతున్నాడు. అడగను. నువ్వుంటే ఏమనేదానివో నాకు తెలుసు. "మట్టే గదమ్మే, పోనీ." అన్నీ పోనిచ్చావు. నీ పనిని ఎవరేమన్నా పోనిచ్చావు. గోనెసంచుల్లో కుక్కి మోసుకుపోవడం వాళ్లకు అంత తేలికైంది అందుకే కదా?

నిన్న ఆదివారం ఇంటికి వెళ్తే కన్నమ్మత్త వచ్చింది. కొంగులో మట్టిముద్ద. "ముక్కు ఎట్లుండేదో నేను చెప్తా. నువ్వు చెయ్యమ్మే" అంది. నాకు చేతకాదన్నాను. వినలేదు. కళ్లు మూసుకుని, తన మొహం మీదే వేలితో ఆయన ముక్కు గీసి చూపించింది. నేను చేసింది వంకాయలా వచ్చింది. ఆమె నవ్వలేదు. "ఇంకా సన్నం" అంది. నలిపేసి మళ్లీ చేశాను. పొద్దు వాలేదాకా ముక్కు దగ్గరే ఉన్నాం.

వచ్చే ఆదివారం కళ్లు. నవ్వు ఎప్పటికి కుదురుతుందో తెలియదు... ఎన్ని ఆదివారాలు పట్టినా కూర్చుంటాను. ఆమె చూసి, "ఈయనే" అనేదాకా.

కోపం ఇంకా తగ్గని
నీ మనవరాలు