వాగు దగ్గర వినబడని కేక

శనివారం రాత్రి, గూడెం బడి వరండాలో

మారేడుమిల్లి అడవిలో మా నడక మొదలై ఇది మూడో రోజు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాన తెరిపివ్వలేదు. వీపు మీది బ్యాగులు తడిసి రెండింతలు బరువెక్కాయి.

మధ్యాహ్నం వాగులోకి మా ఆయనే ముందు దిగారు. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. ఎగువ నుంచి ఓ పెద్ద దుంగ కొట్టుకొస్తోంది. "ఆగండి, దుంగ వస్తోంది!" అని ఒడ్డు నుంచి గొంతు చించుకుని అరిచాను. ఆయన అడుగు ఆపలేదు. దుంగ ఆయన కాలిని రాసుకుంటూ పోయింది. అవతలి ఒడ్డు ఎక్కాక అడిగితే, "ఈ వాన హోరులో ఏం వినబడుద్ది?" అన్నారు. నిజమే అనుకున్నాను.

ఈ వరండాకు చేరేసరికి వాన ఆగిపోయింది. ఆయన అటు తిరిగి మేజోళ్లు పిండుతున్నారు. "టీ పెట్టనా అండీ?" అని వెనక నుంచి అడిగాను. పలకలేదు. మళ్లీ అడిగినా పలకలేదు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ఎన్నాళ్ల నుంచండీ?"

చేతిలోని మేజోడు పక్కన పెట్టారు. "ఎడమ చెవి పోయి ఏడాదైంది. కుడిది కూడా తగ్గుతోంది. డిపోలో తెలిస్తే నన్ను బస్సు ముట్టుకోనిస్తారా?"

ఆయన నడిపే బస్సులో రోజూ కాలేజీకి వెళ్లే పిల్లలు గుర్తొచ్చారు. రాజమండ్రి రోడ్డు మీద వెనక నుంచి వచ్చే లారీలు కూడా.

రేపు నేను ముందు నడుస్తాను, నన్ను చూస్తూ రండి అన్నాను. సరేనన్నారు. పడుకోబోతూ, "ఎవరికీ చెప్పవు కదా?" అన్నారు.

మంగళవారం ఆయన డ్యూటీ ఎక్కాలి. నేనింకా జవాబు చెప్పలేదు.